ఆగే సాంచ

నిన్న సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక పిల్ల జవాబు కాగితం చింపేశాను. కావాలని కాదు. ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టబోతే నా చేతి బరువుకు కాగితం పర్రున చిరిగింది. ప్రశ్న నేనిచ్చిందే: స్టెరాయిడ్ మందులు వాడుతున్న రోగి కాలికి పుండు పడింది, నర్సుగా నువ్వు ఏమేం గమనిస్తావు? ఆ పిల్ల చక్కటి దస్తూరితో, హెడ్డింగు కింద స్కేలు పెట్టి గీత గీసి మరీ రాసింది: "ముందుగా టెంపరేచర్ చూస్తాను. జ్వరం లేకపోతే ఇన్ఫెక్షన్ లేదని రోగికి ధైర్యం చెబుతాను."

ధైర్యం చెబుతుందట! ఒళ్ళు మండిపోయింది. శరీరం తనను తాను ఎలా కాపాడుకుంటుందో మూడు రోజులు గొంతు చించుకుని చెప్పాను. బోర్డు మీద బొమ్మలు వేశాను. తలలూపారు, నోట్సు రాసుకున్నారు, ఒకమ్మాయి ఫోటో కూడా తీసుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

కాసేపయ్యాక చిరిగిన కాగితానికి వెనక నుంచి టేపు అతికించాను. ఆ పిల్ల మీద కోపం ఏం న్యాయం? ఆ ధైర్యం పదకొండేళ్ళ కింద నేనే ఒక మనిషికి చెప్పాను. థర్మామీటరు పెట్టి చూసి మరీ చెప్పాను. ఆయన నా మాట నమ్మి అన్నం చాలించి పనికి వెళ్ళిపోయాడు.

ఆయన్ని అందరం మామ అనేవాళ్ళం. అమ్మ అప్పట్లో గైబీ నగర్‌లో మా ఇంట్లోనే బిస్సి నడిపేది. ఇల్లూ వాకిలీ ఊళ్ళో వదిలి భివండికి వచ్చిన సాంచ కార్మికులు రెండు పూటలా వచ్చి తినే ఇంటిని ఇక్కడ బిస్సి అంటారు. సాంచ అంటే మరమగ్గం; మావాళ్ళ నోట ఆ మాటే వస్తుంది. పన్నెండు మంది తినేవాళ్ళు, అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళే. అందులో మామ ఒక్కడే అమ్మను అక్కా అని పిలిచేవాడు. అలా నాకు మేనమామ అయిపోయాడు, నన్ను కోడలా అని ఆటపట్టించే హక్కు కూడా తీసేసుకున్నాడు.

గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పళ్ళెం అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉండేది. ఆ నొక్కు తన వైపు వచ్చేదాకా పళ్ళేన్ని తిప్పి, అప్పుడు అన్నంలో బొటనవేలితో గుంత చేసి, "పోయి అక్కా పప్పు" అనేవాడు. చివరి మెతుకు దాకా తుడిచి తిని, ఖాళీ పళ్ళేన్ని అమ్మ ముఖం ముందు అద్దంలా పట్టేవాడు.

"చూస్కో అక్కా నీ మొకం. కడుగకున్నా నడుస్తది."

"సిగ్గు లేదుర నీకు, ఇటియ్యి" అని అమ్మ లాక్కునేది. రోజూ అదే మాట, అదే నవ్వు. ఒక్క పూట కూడా ఆ పళ్ళెంలో మెతుకు మిగలగా నేను చూడలేదు, చివరి పూట తప్ప.

ముప్ఫై ఏళ్ళు సాంచల మధ్య నిలబడినందుకు చెవులు సగం పోయాయి. మనిషి మాట వినపడదు గానీ, తింటూ తింటూ చెయ్యి గాల్లో ఆపి, గోడ అవతలి షెడ్డు వైపు తల తిప్పేవాడు. "అగో, పోగు తెగింది. సాంచ నడుస్తనే ఉన్నది. కట్టిండ్రుల్లా మల్ల!" అని ఎంగిలి చేత్తోనే లేచి పోయేవాడు. నాకు ఎంత చెవి ఒగ్గినా ఒకటే టకటక. ఆయన చెప్పింది మాత్రం ఏనాడూ తప్పలేదని బాపు అనేవాడు. నాన్నను బాపు అంటాం; ఆయన కూడా అదే షెడ్డులో పని చేసేవాడు.

ఏం కట్టారు అని నేను అడిగితే ఒక రోజు షెడ్డుకు తీసుకెళ్ళి చూపించాడు. సాంచకు ఒక పక్కన చిన్న ఇనప ముల్లు ఉంటుంది, ఫోర్కు అంటారు. అడ్డంగా వెళ్ళే పేక పోగు ఉన్నంతసేపు ఆ ఫోర్కును తడుతూ పోతుంది. పోగు తెగిందో, ఫోర్కుకు ఆ తాకిడి అందదు, సాంచ టక్కున ఆగిపోతుంది. పనివాడు వచ్చి పోగు సరిచేసి మళ్ళీ నడిపించాలి. ఒక్కొక్కరు నాలుగేసి, ఆరేసి సాంచలు చూస్తారు. మాటిమాటికీ ఆగితే విసుగు పుట్టి, కొందరు ఆ ఫోర్కును పైకెత్తి ఇంత దారంతో కట్టేస్తారు. ఇక పోగు తెగినా సాంచ ఆగదు. పేక లేకుండా ఊరికే కొట్టుకుంటూ పోతుంది, తర్వాత చూస్తే బట్ట పొడుగునా జల్లెడ.

మామకు అది మహాపాపం. కట్టినవాడి దగ్గరికి వెళ్ళి, నోటితో ఆ దారం కొరికి తెంపి, వాడి చేతిలో పెట్టేవాడు.

"ఆగుతలేదని మురుస్తున్నవా? ఆగే సాంచనే మంచి సాంచ. ఆగకుంటె లోపల ఏమైతున్నదో నీకెట్ల ఎరుకైతది?"

నేను నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు ఆ మాటను నా పాఠానికే అంటగట్టాడు. ఆదివారాలు బిస్సిలో కూరగాయలు తరిగేది నేనే. ముందు కత్తిపీట, పక్కన పుస్తకం. మామ తిన్నాక కూడా కదిలేవాడు కాదు.

"ఏంది కోడలా, నాకు గూడ ఇనబడేటట్టు సదువు."

ఇక అరిచి చదవాల్సిందే. మా గల్లీలో తెల్ల రక్తకణాల సంగతి తెలియని ఇల్లు లేదంటే అబద్ధం కాదు. మన తోలే మొదటి కంచె అని అరిచాను. ముక్కులో చీమిడి, గొంతులో తెమడ దుమ్మును, పురుగును పట్టి బయటికి తోస్తాయన్నాను. "మా దూది నూగును పట్టుకునేది గదేనా?" అన్నాడు. అదే మామా అన్నాను. కంచె తెగితే తెల్ల కణాలు ఉరికి వస్తాయి, ఆ చోటికి రక్తం ఎక్కువగా పారుతుంది, అందుకే ఎర్రగా అవుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొస్తుంది అన్నాను. చీము అంటే పురుగులతో కొట్లాడి చచ్చిన తెల్ల కణాలే అనేసరికి తొడ మీద చరుచుకున్నాడు.

"అయ్యో! గిన్నేండ్లసంది చీమును తిట్టుకుంటి గదనే! మనకోసం సచ్చినోళ్ళా గాళ్ళు!"

తర్వాత వచ్చే దళం వేరు, అది నెమ్మదిగా వస్తుంది, కానీ ఏ రోగానికి ఆ ఆయుధం తయారు చేసుకుని వస్తుంది, ఒకసారి చూసిన దొంగను మళ్ళీ మరిచిపోదు, టీకా అంటే ఆ దొంగ బొమ్మను ముందే చూపించడం అని చెప్పాను. ఒక్కోసారి ఆ దళమే దారి తప్పి మన కీళ్ళ మీద పడుతుంది అంటే, "కంచే చేను మేసినట్టు" అని తన మోకాళ్ళు తడుముకున్నాడు. ఆయనవి నిలబడి నిలబడి అరిగిన మోకాళ్ళు, ఆ జబ్బు కాదు. ఆ సంగతి చెప్పలేదు, వంకాయలు నల్లబడుతున్నాయని తొందరలో ఉన్నాను.

జ్వరం దగ్గరికి వచ్చాం. జ్వరం రోగం కాదు మామా, పురుగు దూరిందని తెలిసి మన మెదడే ఒళ్ళు వేడి చేస్తుంది, ఆ వేడిలో పురుగు పెరగలేదు, మన కణాలు జోరు మీదుంటాయి అన్నాను. మామ గోడ వైపు తల తిప్పాడు. గోడ అవతల సాంచలు కొట్టుకుంటున్నాయి.

"అంటె జ్వరమంటె ఫోర్కు పడ్డట్టు. ఏదో తెగింది, వచ్చి చూడుర అని సాంచ ఆగుతది. గట్లనే ఒళ్ళు గూడ."

"కరెక్టు మామా! మా మేడమ్ కూడ గింత మంచిగ చెప్పలె."

"మరి! ఆగే సాంచనే మంచి సాంచ" అని చేతులు దులుపుకుని లేచాడు. ఆ మాట పుస్తకంలో మార్జిన్ మీద రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా ఆ పేజీ చింపేయాలనిపిస్తుంది.

తెలియక చేసినవాళ్ళను క్షమించొచ్చు. మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఎండాకాలం తర్వాత మామ ముఖం నిండింది. అంతకుముందు దవడలు లోపలికి పోయిన మనిషి, పున్నమి చంద్రుడిలా గుండ్రంగా తయారయ్యాడు. మోకాళ్ళ నొప్పి మాయమైంది. మెట్లు పట్టుకోకుండా ఎక్కేవాడు. ఆకలి రెట్టింపయింది, రెండుసార్లు పెట్టించుకునేవాడు. అమ్మ మురిసిపోయింది. బిస్సి నడిపే మనిషికి అంతకన్నా ఏం కావాలి? "నా చేతి తిండి పట్టిందిర నీకు" అనేది. చేతుల మీద అక్కడక్కడా నీలం మచ్చలు వచ్చాయి, సాంచ తగిలి ఉంటుందిలే అనుకున్నాం.

తిన్నాక చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, ఏదో నోట్లో వేసుకుని నీళ్ళు తాగేవాడు. పక్కనే తంబాకు డబ్బా ఉంటుంది కాబట్టి మొదట నేను పట్టించుకోలేదు. ఒకసారి అడిగాను.

"ఏం గోలీ మామా?"

"తాకత్ గోలీ. కాల్హేర్‌ల గోదాముల హమాలీ చేసే దోస్తు తెచ్చిచ్చిండు. ఒక్కటి ఏస్కుంటె సాలు, మోకాలు నాది కాదన్నట్టే ఉంటది. చూడు, జ్వరం గూడ వచ్చుడు బంద్ అయ్యింది."

తాకత్ అంటే బలం. బలం మాత్ర అంటే బి-కాంప్లెక్స్ అని నా పుస్తకం చదువు నాకు చెప్పింది. "మంచిదే మామా, ఏస్కో" అన్నాను. ఏ చీటీ లేకుండా, పేరు లేకుండా, పొట్లం కట్టి ఇచ్చే మాత్రను చూపించమని అడగలేదు. ముఖం నిండటం, నొప్పి పోవడం, ఆకలి, నీలం మచ్చలు, అన్నీ నా కళ్ళ ముందే రోజుకు రెండు పూటలా కూర్చుని అన్నం తింటున్నాయి. మూడు నెలల తర్వాత అదే పట్టిక నేను పరీక్షలో వరసగా రాశాను కూడా. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

కాలికి దెబ్బ తగిలింది కార్తీకంలో. షెడ్డులో నేల మీద పడి ఉన్న ఇనప పట్టీ మడమ పక్కన గీసుకుంది. చిన్నదే. నేనే కడిగి కట్టు కట్టాను. వారమైనా మానలేదు, అలాగని చీము పట్టలేదు, ఎర్రబడలేదు, వాపు లేదు. తడి ఆరని పచ్చి గాయంలా నోరు తెరుచుకుని ఉంది.

"ఎంత నీట్‌గ ఉన్నదో చూడు మామా" అని మురిశాను. కట్టు కట్టడం అప్పుడే నేర్చుకున్నాను మరి.

ఒక మధ్యాహ్నం తినడానికి వచ్చి గోడకు తల ఆనించి కూర్చున్నాడు. పళ్ళేన్ని తిప్పుకోలేదు. నొక్కు అవతలి వైపే ఉండిపోయింది. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏందిర గట్ల మిగిలిస్తివి?"

"ఆకలి అయితలేదక్కా. నిద్రొస్తున్నది."

"వీడు అన్నం మిగిల్చుడేంది? పానం బాగలేదు వీనికి. నువ్వు పో బిడ్డా, మామను దవఖానకు తోల్కపో" అంది అమ్మ నాతో.

నేను లోపలికి వెళ్ళి థర్మామీటరు తెచ్చాను. కొత్తది, కాలేజీ కిట్టులో ఇచ్చింది. మామ చంకలో పెట్టాను. అది పీక్‌మనే దాకా అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు.

"జ్వరం లేదమ్మా! పుండు గూడ మంచిగున్నది. ఇన్ఫెక్షన్ ఉంటె జ్వరం రాకుంట ఉంటదా? నువ్వు ఊకెనే పరేషాన్ కాకు."

"అన్నం మిగిల్చిండే..."

"అమ్మా, అన్నం మిగిలిస్తె రోగమని ఏ పుస్తకంల లేదు!"

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. మామ మాత్రం నవ్వాడు. "డాక్టరమ్మ పాస్ చేసిందక్కా. నడుస్తది తియ్యి" అని గోడ పట్టుకుని లేచాడు.

నాడి పట్టుకోలేదు నేను. ఊపిరి లెక్కపెట్టలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ ఛాతీ ఎంత తొందరగా లేచి పడుతోందో కనిపిస్తుంది. అప్పుడు చూసింది ఆ చిన్న అద్దంలో అంకెలను మాత్రమే.

మర్నాడు పొద్దున బాపు పరుగున వచ్చాడు. మామ సాంచల మధ్య కూలబడ్డాడట, పిలిస్తే పలకడం లేదట. ఆటోలో వేసుకుని సర్కారు దవాఖానాకు వెళ్ళాం. కాళ్ళు చేతులు చల్లగా ఉన్నాయి. పేషెంటు పేరేమిటని అడిగారు. మామ అనే తప్ప నాకు తెలియదు. అమ్మ చెప్పింది.

డాక్టరు మడమ చూశాడు, గుండ్రటి ముఖం చూశాడు, చేతి మీద నీలం మచ్చలు చూశాడు. నా వైపు తిరిగి, "కౌన్‌సీ గోలీ ఖాతా థా?" అన్నాడు, ఏ గోలీ వేసుకునేవాడని. అంతే, చూసిన నిమిషంలో అడిగాడు. నేను ఆర్నెల్లు చూశాను.

జేబులో పొట్లం ఉంది. నేనే తీసి ఇచ్చాను. తెల్లటి చిన్న మాత్రలు. విప్పి చూసి, స్టెరాయిడే అయి ఉంటుందన్నాడు. ఒంట్లో కాపలా దళాన్ని నెలల తరబడి ఆ మాత్ర చేతులు కట్టి కూర్చోబెట్టింది. అందుకే మడమలో పురుగు దూరినా ఎరుపు లేదు, వాపు లేదు, చీము లేదు, జ్వరం లేదు. లోపల అది రక్తమంతా పాకిపోయింది. అక్కడి పెద్ద సిస్టర్ సెలైన్ ఎక్కిస్తూనే నన్ను మందలించింది. అలాంటివాళ్ళ దగ్గర జ్వరం కోసం కాచుకుని కూర్చోకూడదమ్మా, నాడి, ఊపిరి, మనిషి మత్తు, తిండి, ఇవి చూడాలి అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది: అది డాక్టరు చేతిలో ప్రాణం నిలబెట్టే మందే, అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, తెలిస్తే నువ్వు చేయాల్సింది డాక్టరు దగ్గరికి తీసుకురావడం. తెలిస్తే కదా! మామ మూడో రోజు పోయాడు. ఊళ్ళోంచి ఆయన భార్య, కొడుకు వచ్చి తీసుకెళ్ళారు.

ఆ పొట్లం కట్టిన దారం నా చేతిలోనే ఉండిపోయింది. పేక పోగే, ఆయన సాంచది. అందరి ఫోర్కుల దారాలనూ నోటితో కొరికిన మనిషి! తర్వాత షెడ్డుకు వెళ్ళి ఆయన నాలుగు సాంచలూ చూశాను. ఒక్కదాని ఫోర్కుకు కూడా దారం కట్టి లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత తెలివి ఇనుము దగ్గర ఉందే, ఒంటి దగ్గర ఏమైంది మామా అని అక్కడే అరిచాను. ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

ఆయన్ని అంటాను గానీ, ఆయనకు మోకాళ్ళు నొచ్చాయి. నిలబడితేనే పని. నాకు ఏం నొచ్చింది, ఒక్కసారి పొట్లం విప్పి చూడటానికి? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఏటేటా కొత్త పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను. మందులేం వాడుతున్నారని అడిగి ఊరుకోకండి, చూపించమనండి అంటాను. తాకత్ గోలీ అంటే అసలు వదలకండి అంటాను. థర్మామీటరు తీసే ముందు అన్నం తిన్నాడా అని అడగండి, ఇంటివాళ్ళు ఏదో తేడాగా ఉందంటే నోరు మూసుకుని వినండి అంటాను. తలలూపుతారు. తర్వాత స్కేలు పెట్టి గీత గీసి, ధైర్యం చెబుతానని రాస్తారు.

రేపు ఆ పిల్ల వస్తుంది. సున్నా ఎందుకు వేశారు మేడమ్ అని అడుగుతుంది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుంది కూడా. కూర్చోబెట్టి మామ సంగతి చెబుతాను. అయితే అందులో ఒక్క ముక్క చెప్పగలనో లేదో తెలియదు.

మామను ఊరికి తీసుకెళ్ళిన రోజు, అమ్మ పన్నెండు పళ్ళేలూ ముందేసుకుని తోముతోంది. నేను పక్కన కూర్చుని, నాకు తెలియలేదమ్మా, జ్వరం లేదు కదా, పుస్తకంలో అట్లనే ఉంది అని ఏదేదో వాగుతున్నాను. అమ్మ వింటూనే అంచు నొక్కుకుపోయిన పళ్ళెం తీసుకుని, చాలాసేపు తోమింది. అప్పటికే తళతళలాడుతోంది.

"నాకు ఎరుకనే ఉండె బిడ్డా, వాడు అన్నం మిగిల్చినప్పుడే" అంది. కోపంగా అనలేదు. "నువ్వు సదువుకున్నదానివని నీ మాటిన్న."

పళ్ళెం కడిగి గోడ వారన బోర్లించింది.